గుమ్మం దగ్గర బల్ల

2016 జూన్‌లో నేను అమెరికాలో లూయివిల్‌లో ఉన్నాను, కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని, శనివారాలు ఏం తోచక లైబ్రరీకి పోయి కూర్చునేవాణ్ణి. బాక్సర్ మహమ్మద్ అలీ పుట్టింది ఆ ఊళ్ళోనే. జూన్ 3 రాత్రి అరిజోనాలో పోయారు, 10న లూయివిల్‌లో అంత్యక్రియలు, రోడ్డు పొడుగునా జనం కారు మీద పూలు విసిరారు. మర్నాడు లైబ్రరీకెళ్తే గుమ్మం దగ్గరే ఒక బల్ల, ఆయన ఫోటో, ఆయన మీద పుస్తకాలు, పిల్లలకి బొమ్మలవి విడిగా, పక్కన ఒక నోట్‌బుక్కు, పెన్ను.

నేను పిల్లల పుస్తకమే తీసుకున్నాను. పన్నెండేళ్ళప్పుడు సైకిలు పోతే, దొంగ దొరికితే చితక్కొట్టేస్తానని ఒక పోలీసాయనకి చెప్పాడంట, ముందు కొట్టడం నేర్చుకోరా అని ఆ పోలీసాయనే బాక్సింగ్ నేర్పాడంట, 1960కి రోమ్ ఒలింపిక్స్‌లో గోల్డ్. వియత్నాం యుద్ధానికి రానన్నందుకు 1967లో టైటిల్ లాగేసుకుని మూడేళ్ళకి పైగా రింగు ఎక్కనివ్వలేదు, ఒంట్లో సత్తువున్న ఏళ్ళే కదా అవి, చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. అలీ పుట్టేనాటికి ఆ ఊళ్ళో నల్లవాళ్ళకి లైబ్రరీ కూడా వేరే, 1908లో వాళ్ళకోసం విడిగా కట్టిన బిల్డింగు ఇంకా ఉంది. నా పక్కన ఒక నల్లజాతి పెద్దావిడ నిలబడి నోట్‌బుక్కులో పేజీ నిండా రాసింది.

బయటికొచ్చి మా ఊరు వీరఘట్టంలో నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను. "ఆయన పుట్టిందెప్పుడ్రా?" అన్నారు. 1942 అన్నాను. "మన కోడి రామ్మూర్తి నాయుడుగోరు పోయిందీ ఆ ఏడే. మరి ఆయనకి అలాటి బల్ల ఎవులేసినారా?"

ఏటి చెప్పను? మా వీరఘట్టంలోనే పుట్టిన మల్లయోధుడాయన. డిగ్రీ చదివినప్పుడు శ్రీకాకుళంలో రోజూ పొద్దున్న పరిగెత్తింది ఆయన పేరున్న స్టేడియంలోనే, ఆయన గురించి ఒక్క పేజీ చదివిన పాపాన పోలేదు.

2017 సంక్రాంతికి సెలవు మీద వచ్చాను, ఆయన పోయి సరిగ్గా 75 ఏళ్ళు. ఊళ్ళో లైబ్రరీ ఆయన్ని అడిగితే బల్ల ఇచ్చారు, ఫోటో ప్రింటు తీయించాను, రూళ్ళ నోట్‌బుక్కు పెట్టాను. రెండోరోజు ఒక గుంటడు అందులో 'గుండెల మీద ఏనుగు నిజంగానే ఎక్కిందా?' అని రాసి పోయాడు. దాని కింద నాన్న రాశారు, 'ఎక్కింది. సర్కస్‌లో మా అయ్య సూసినాడు.'