విశాఖలో గుప్పెడు బియ్యం

2023 డిసెంబరు 7, గురువారం ఉదయం రాజమహేంద్రవరంలో రైలెక్కేసరికి వాన వెలిసింది గాని ఆకాశం ఇంకా తేటపడలేదు. అంతకు రెండు రోజుల ముందు మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ద్వారపూడి మొదలు సామర్లకోట దాకా కిటికీలోంచి ఒకటే దృశ్యం: కోసి పొలంలోనే వదిలిన వరి పనలు మోకాలి లోతు నీళ్లలో నానుతున్నాయి, పంచెలు ఎగ్గట్టిన రైతులు, కొంగులు బిగించిన ఆడవాళ్లు ఆ పనలను ఒక్కొక్కటిగా ఎత్తి గట్లమీద పరుస్తున్నారు. నేను వెళ్తున్నది మా అక్క వాళ్ల క్రైస్తవ సంఘంలో జరిగే కోత పండుగకు, అంటే పంటలో కొంత గుడికి తెచ్చి దేవునికి కృతజ్ఞత చెప్పే పండుగకు. ఆ పొలాలు చూస్తూ కోత పండుగకు వెళ్లడమేమిటని తుని దాటేవరకూ మనసు పీకుతూనే ఉంది.

నేను గుడికి, అంటే మా చర్చికి, వెళ్లి అప్పటికి రెండున్నరేళ్లు దాటింది. 2021 మే నెలలో మా అమ్మ ప్రభువునందు నిద్రించింది. కరోనా రోజులు కావడంతో సమాధి దగ్గర మేము నలుగురమే ఉన్నాం. కీర్తన ఎత్తుకుంటే అందుకునే గొంతు లేదు. ఆ తర్వాత దేవుణ్ణి నేను వదల్లేదు. ఉదయం వాక్యం చదువుకునేదాన్ని, రాత్రి ప్రార్థన చేసుకునేదాన్ని, ఆదివారం ఫోనులో ఆరాధన చూసేదాన్ని. కాని ఇరవై ఏళ్లు సండేస్కూల్లో పాఠం చెప్పిన మనిషిని, గుడి గేటు ముందునుంచి వెళ్లవలసి వస్తే పక్క వీధిలోకి తిరిగిపోయేదాన్ని. పదిమంది మధ్య పాడటమంటే భయం పట్టుకుంది. అక్క ఫోనులో, “చెల్లీ, అమ్మ లేని కోత పండుగ నాకిది మూడోది. నువ్వొస్తే నేనొక్కదాన్నే ఏడవక్కర్లేదు, రావే” అంది. ఆ మాటకు కాదనలేకపోయాను.

అక్క వాళ్లది మల్కాపురం. బావగారు షిప్‌యార్డులో వెల్డరుగా పనిచేసి రిటైరయ్యారు. రాత్రిపూట వాళ్ల డాబామీద నిలబడితే రిఫైనరీ గొట్టం కొసన మండే మంట కనిపిస్తుంది. ఆ రాత్రి భోజనాలయ్యాక కుటుంబ ప్రార్థనలో కూర్చున్నాం. బావగారి గొంతు బండగా ఉంటుంది, శ్రుతి కలవదు, అయినా మొదటి కీర్తన ఎప్పుడూ ఆయనే ఎత్తుకుంటారు. నేను పెదాలు కదిపాను గాని గొంతు పెగల్లేదు. వాళ్లు చూసీ ఏమీ అనలేదు.

మర్నాడు డిసెంబరు 8. పాతనగరంలో హార్బరు పక్కన మూడు కొండలు వరసగా ఉంటాయి. ఒకదానిమీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదానిమీద దర్గా, మూడోదైన రాస్ కొండమీద మరియమాత గుడి. విశాఖవాసులకు అది కొండగుడి. 8వ తేదీన అక్కడ ఉత్సవం. మేము సి.ఎస్.ఐ. అనే ప్రొటెస్టెంటు సంఘం వాళ్లం, మాకు మరియమ్మకు మొక్కే అలవాటు లేదు, చిన్నప్పటినుంచీ ఆ కొండను కిందనుంచి చూడటమే గాని ఎక్కింది లేదు. పక్కింటి పెద్దావిడ కతోలికులు, మోకాళ్ల నొప్పులతో ఒక్కరూ ఎక్కలేరు, తోడు రమ్మని అక్కను అడిగారు. అక్కతోపాటు నేనూ వెళ్లాను. నమ్మకాల మధ్య ఉన్న తేడాలు నాకు చిన్నవిగా కనిపించవు, వాటిని దాచిపెట్టడం మర్యాద అని కూడా నేననుకోను. అయితే ఒక ముసలావిడ చెయ్యి పట్టుకుని మెట్లెక్కడానికి ఆ తేడాలేవీ అడ్డురాలేదు.

జనం కిక్కిరిసి ఉన్నారు. బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు, చంకలో పిల్లల్ని ఎత్తుకున్న జాలరి కుటుంబాలు, యూనిఫారంలో ఉన్న బడిపిల్లలు అందరూ ఒకే మెట్లమీద నెమ్మదిగా కదులుతున్నారు. పెద్దావిడ పది మెట్లకొకసారి ఆగి, ఊపిరి తీసుకుని, జపమాలలో ఒక పూస జరిపి, మళ్లీ నా భుజంమీద చెయ్యి వేసేవారు. పైకి చేరాక కొవ్వొత్తి వెలిగించబోతే సముద్రపు గాలికి మూడుసార్లు ఆరిపోయింది. నాలుగోసారి ఎవరో ముక్కూమొహం తెలియని అమ్మాయి తన రెండు అరచేతులూ అడ్డుపెట్టింది, వత్తి అంటుకుంది. సరిగ్గా ఆ సమయానికి కిందనున్న కాలువలోకి ఒక పెద్ద ఓడ వచ్చింది. డాల్ఫిన్స్ నోస్ అనే కొండకూ ఈ కొండకూ నడుమనున్న ఆ సన్నని దారిలో ఓడ ఎంత దగ్గరగా వెళ్తుందంటే, డెక్కుమీద నిలబడ్డ మనుషుల చొక్కాల రంగులు కూడా తెలుస్తాయి. వాళ్లలో ఒకతను తల ఎత్తి మా వైపు చూసి చెయ్యి ఊపాడు. పెద్దావిడ కొవ్వొత్తి పట్టుకున్న చెయ్యే ఎత్తి, తన మనవణ్ణి పిలిచినట్టుగా జవాబిచ్చారు. ఆవిడ మొహంలోని ఆ సంతోషం నాకు రెండు రోజులపాటు కళ్లముందు మెదులుతూనే ఉంది.

శనివారం ఉదయం పాతనగరం వీధుల్లో ఒంటరిగా నడిచాను. తెలుగు క్రైస్తవులకు ఈ వీధులు మామూలు వీధులు కావు. లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజస్ అనే ఇద్దరు యువకులు 1805లో విశాఖపట్నం వచ్చారు. అక్షరం ముక్క రాని భాషను నేర్చుకుని, ఆనంద రాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో సువార్తలను తెనిగించడానికి పూనుకున్నారు. 1809లో క్రాన్ చనిపోయాడు, మరుసటి ఏడు డే గ్రాంజస్ కూడా పోయాడు. వాళ్లు మొదలుపెట్టిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్లోని శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. అంటే తాము పాటుపడిన తెలుగు పుటను అచ్చులో చూసే భాగ్యం ఆ ఇద్దరికీ దక్కలేదు. వాళ్ల వెనక వచ్చిన ప్రిచెట్ పూర్తి చేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. ఫ్రాన్సులోని అన్నెసీ నుంచి బయలుదేరిన కతోలిక మిషనరీలు 1846లో ఇక్కడికి చేరారు. ఆ మరుసటి సంవత్సరం మొదలైన సెయింట్ అలోషియస్ బడి ఈనాటికీ ఈ వీధుల్లోనే నడుస్తోంది.

తెలుగు టీచర్ని కాబట్టి కాబోలు, నా ఆలోచన ఆ అనువాదపు బల్లమీదకే పోయింది. తమ భాషలోని ఒక్క మాటకు తెలుగులో సంతోషమా, ఆనందమా, ఉల్లాసమా అని ఒక విదేశీయుడు అడుగుతుంటే, పేరులోనే ఆనందం ఉన్న ఆ పండితుడు ఒక్కో మాటనూ నాలుకమీద తూచి చెప్పి ఉంటాడు. ఏ ఒక్కరి వల్లా కాని పని అది. ఒకరికి మూలం తెలుసు, మరొకరికి తెలుగు తెలుసు. నేను ఇంట్లో ఒంటరిగా తెరిచే పుస్తకమే ముగ్గురు నలుగురు ఒకచోట కూర్చుంటే పుట్టిందన్న సంగతి ఇన్నేళ్లలో నాకెప్పుడూ తట్టలేదు. పూర్ణామార్కెట్ దగ్గర ఆటో ఎక్కేవరకూ అదే ఆలోచిస్తూ నడిచాను.

సాయంత్రం అక్క నన్ను గుడి వెనకనున్న వంటపాకకు తీసుకెళ్లింది. స్త్రీల సమాజం వాళ్లు పదిహేనుమంది దాకా చేరారు. మర్నాడు ఆరాధన అయ్యాక అందరూ కలిసి తినే ప్రేమవిందుకు ఉల్లిపాయలు తరగడం, అల్లం వెల్లుల్లి ఒలవడం ఒకవైపు సాగుతుంటే, మరోవైపు చాపమీద గుప్పిటి బియ్యం కుప్ప పోశారు. మన సంఘాల్లో ఆడవాళ్లకిది పాత అలవాటు: పూటపూటా ఎసట్లోకి బియ్యం కొలిచేటప్పుడు, కడగకముందే ఒక గుప్పెడు తీసి దేవుని పేర వేరే డబ్బాలో వేస్తారు, నెలకొకసారి గుడికి తెస్తారు. మా అమ్మ కూడా ఇత్తడి చెంబులో అలా వేసేది. ఇక్కడి కుప్పలో సోనామసూరి ఉంది, రేషను బియ్యం ఉంది, దంపుడు బియ్యం ఉంది, ఎవరింటిదో బాస్మతి కూడా నాలుగు గింజలు పొడుగ్గా మెరుస్తున్నాయి. రకరకాల బియ్యం కలిస్తే అన్నం ఒకలా ఉడకదు. ఒకటి పలుకుగా ఉండగానే మరొకటి ముద్దవుతుంది. అందుకని చాలాచోట్ల వాటిని అమ్మి ఆ డబ్బు కానుకపెట్టెలో వేస్తారు. ఈసారి మాత్రం, తుపాను హెచ్చరికవల్ల వేటకు వెళ్లలేక ఇళ్లలోనే ఉండిపోయిన జాలరి కుటుంబాలకు పంచాలని నిర్ణయించారు. రాళ్లు ఏరి, నూక చెరిగి, అయిదేసి కిలోల సంచులు కట్టాలి.

నా చేతికి ఒక చేట ఇచ్చారు. ఎవరూ నన్ను నువ్వెందుకు గుడికి రావడం మానేశావని అడగలేదు, ఓదార్చలేదు. “టీచరుగారూ, మీ చేటలో నూక ఎక్కువుంది, ఇంకోసారి చెరగండి” అన్నారు, అంతే. చెరుగుతూ చెరుగుతూ ఒకావిడ కీర్తన అందుకుంది, ఇంకొకావిడ కలిసింది, రెండో చరణానికి పాకంతా పాడుతోంది. నేను కూడా పాడుతున్నానన్న సంగతి, అక్క చెరగడం ఆపి నా వైపు చూసినప్పుడే తెలిసింది. దుమ్ముకు కాబోలు, ఇద్దరి కళ్లూ నీళ్లయ్యాయి.

రాత్రి ఇంటికి నడిచి వస్తుంటే బావగారు హుద్‌హుద్ సంగతి చెప్పారు. 2014 అక్టోబరు 12న ఆ తుపాను ఈ నగరాన్ని తాకినప్పుడు గుడి పైకప్పు రేకులు లేచిపోయాయట. మరుసటి ఆదివారం గుళ్లో కరెంటు లేదు, మైకు లేదు. టార్పాలిను కట్టుకుని, ఇటుకలమీద కూర్చుని ఆరాధించారట. “మా సంఘం అంత గట్టిగా పాడటం నేను ముందెన్నడూ వినలేదమ్మా” అన్నారాయన. ఈ మాట ఇక్కడ రాయడానికి కారణం ఉంది. సంతోషంగా స్తుతించడమంటే స్పీకరు పెట్టెల మోతే అనుకునే అలవాటు మన మధ్య పెరుగుతోంది. పక్కింట్లో జబ్బుపడ్డవాళ్లుంటే వాళ్లకు నిద్ర లేకుండా చేసే స్తుతి నా మనసుకు ఒప్పదు. బావగారు చెప్పిన ఆ పాట మనుషుల గొంతుల్లోంచి మాత్రమే వచ్చింది.

ఆదివారం గుడి నిండిపోయింది. ప్రసంగ వేదికకు రెండువైపులా అరటిచెట్లు, చెరకు గడలు కట్టారు, కింద గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, కూరగాయల గంపలు పేర్చారు. వేదిక ముందు ఎప్పుడూ వేలాడదీసే వరికంకుల గుత్తి దగ్గరకు వెళ్లి చూశాను. అనకాపల్లి వైపు పొలమున్న ఒక కుటుంబం ఏటా తెస్తారట. ఈ ఏడు వాళ్ల చేను నాలుగు రోజులు నీళ్లలో ఉంది. గింజలు నల్లబడి ఉబ్బాయి, కొన్నింటికి తెల్లని మొలక దారప్పోగులా బయటికి వచ్చింది, ఇంకా తడి వాసన పోలేదు. మంచి కంకులు బజార్లో కొని తేవచ్చు గదా అని ఎవరో అంటే, ఆ రైతు, “దేవుడిచ్చిన చేనిదే తెచ్చానండి” అన్నాడట.

పాస్టరు అయ్యగారు బైబిల్లో హబక్కూకు గ్రంథం మూడో అధ్యాయం తీశారు. “చేనిలోని పైరు పంటకు రాకపోయినను” అని చదివి, ఆగి, ఆ గుత్తివైపు చూశారు. తరవాతి వాక్యం ఆయన చదవలేదు. సంఘమే లేచి, “నేను యెహోవాయందు ఆనందించెదను” అని పూర్తి చేసింది. ఆ రైతు నాకు రెండు వరసల ముందు, భార్య పక్కన కూర్చుని ఉన్నాడు. ఆయన మెడ వెనక ఎండకు కమిలిన చర్మంమీద చెమట మెరుస్తోంది. ఆనందించెదను అన్నప్పుడు ఆయన గొంతు గట్టిగా లేదు, కాని ఆ మాట అన్నాడు. పంట పోయిన దుఃఖం పోయిందని ఆ మాటకు అర్థం కాదు. దుఃఖాన్ని వెంటపెట్టుకునే గుడికి వచ్చి, పదిమంది గొంతులో తన గొంతు కలిపాడు. దుఃఖం తీరాక వెళ్దామని రెండున్నరేళ్లు ఇంట్లో కూర్చున్న నేను వెనక వరసలోంచి ఆయన్ని చూస్తూ ఉండిపోయాను. తరవాత రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభువు బల్ల దగ్గర మోకరించినప్పుడు ఆయన భుజం నా భుజానికి తగిలింది.

ఆరాధన అయ్యాక గుడి ఆవరణలో కానుకల వేలం. ఒక ఏడేళ్ల కుర్రాడు తన కోడి పెట్టిన ఒక్క గుడ్డు తెచ్చాడు. వంద రూపాయలతో మొదలై అయిదువందలకు పాడారు. పాడినాయన గుడ్డు తీసుకుని మళ్లీ దేవునికే ఇచ్చేశాడు. రెండోసారి మూడువందలకు పోయింది, ఆవిడా తిరిగి ఇచ్చింది. మూడోసారి మా బావగారు పాడారు. ఆ కుర్రాడు ఒక్కో పాటకూ గెంతుతూ, గుడ్డు పగిలిపోతుందేమోనని రెండు చేతులూ ముందుకు చాపి నిలబడ్డాడు. ప్రేమవిందులో అందరం పంక్తుల్లో కూర్చున్నాం. నేను సాంబారు వడ్డించాను. మధ్యాహ్నం యౌవనస్థులు బియ్యం సంచులు రెండు ఆటోలకెత్తి జాలరిపేట వైపు వెళ్లారు.

సోమవారం తిరుగు ప్రయాణంలో దువ్వాడ దాటాక ఎండ బాగా కాసింది. గట్లమీద పనలు తిరగేస్తున్నారు. రాజమహేంద్రవరంలో మా సండేస్కూలు చూసే అమ్మగారికి ఫోను చేసి, ఏ తరగతికైనా టీచరు కావాలా అని అడిగాను. ఆవిడ ఒక్క క్షణం మాట్లాడలేదు. తరవాత, “చిన్నపిల్లల తరగతికి ఎవరూ లేరండి, పన్నెండుమంది ఉన్నారు, క్రిస్మస్‌కు కంఠత వాక్యాలు ఇంకా మొదలే పెట్టలేదు, ఆదివారం ఎనిమిదిన్నరకల్లా వచ్చెయ్యండి” అన్నారు.