నా గీతాంజలి, మా అమ్మాయి స్టీవీ వండర్

నా సొంత డబ్బుతో నేను కొన్న మొదటి క్యాసెట్ 'గీతాంజలి'. 1990 సంక్రాంతికి, తెనాలిలో. సినిమా అంతకుముందు మే నెలలో వచ్చింది. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒకే ఒక్క సినిమా అది. సంగీతం ఇళయరాజా, పాటలన్నీ వేటూరివి. సినిమా చూసొచ్చినప్పటి నుంచి ఆ పాటలు రేడియోలో ఎప్పుడొస్తాయా అని చెవులప్పగించి కూర్చునేదాన్ని. పండక్కి తాతయ్య, మావయ్య ఇచ్చిన డబ్బులు చేతిలో పడగానే పిన్నిని బతిమాలి బోసు రోడ్డుకు బయల్దేరదీశాను.

అప్పట్లో క్యాసెట్ షాపు మగపిల్లల అడ్డా. కాలేజీ కుర్రాళ్ళు కౌంటర్ మీద మోచేతులు ఆనించి గంటలు గంటలు నిలబడేవాళ్ళు. వాళ్ళు కొనేది తక్కువ. చీటీ మీద పాటల పేర్లు రాసిచ్చి ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించుకునేవాళ్ళే ఎక్కువ. అన్నయ్య నాకూ అదే సలహా ఇచ్చాడు. అరవై నిమిషాల క్యాసెట్ కొంటే నాలుగైదు సినిమాల్లోంచి మంచి పాటలు ఏరి వేయించుకోవచ్చు, ఒక్క సినిమాకే అంతా పెట్టడం దండగ అన్నాడు. నాకు మాత్రం ఆ ఏడు పాటలే కావాలి, ఆ వరసలోనే కావాలి, అట్టతో సహా కావాలి. షాపాయన పిన్ని వైపు చూసి "ఏం కావాలమ్మా?" అన్నాడు. పిన్ని నా వైపు చూసింది. నేనే చెప్పాను. ఇంట్లో నా బట్టలు, నా చెప్పులు, నా పుస్తకాలు అన్నీ ఎవరో ఒకరు నిర్ణయించేవాళ్ళు. ఇది నేను అడిగి, నేను డబ్బిచ్చి, నా చేత్తో తెచ్చుకున్నది.

మావయ్య మస్కట్ నుంచి తెచ్చిన టూ ఇన్ వన్‌లో దాన్ని వేసేదాన్ని. కరెంటు పోతే బ్యాటరీల మీదే. అవి అయిపోతున్నకొద్దీ బాలు గారి గొంతు సాగి సాగి ఎవరిదో ముసలి గొంతులా మారిపోయేది. బ్యాటరీలు ఎండలో పెట్టి, ఇంకో రెండు పాటలకు సరిపడా బలం వస్తుందేమోనని చూసేవాళ్ళం. ఒక లైను విని ఆపి, రాసుకుని, వెనక్కి తిప్పి మళ్ళీ విని, పాటలన్నీ నోటు పుస్తకంలోకి ఎక్కించాను. అర్థం కాని మాటలు పిన్నిని అడిగేదాన్ని. ఒకచోట మాత్రం ఆవిడ ఎర్రబడి, నిఘంటువు చూసుకో పో అంది. పాట వెనుక రాసినాయన ఒకరుంటారని, ఆయనకో పేరుంటుందని, ఆ పేరు చూసి ఇంకో పాట వెతుక్కోవచ్చని నాకు తెలిసింది ఆ క్యాసెట్ అట్ట మీదే.

పెళ్ళయి న్యూజెర్సీ వచ్చినప్పుడు అది కూడా సూట్‌కేసులో వచ్చింది. మేం సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారులో క్యాసెట్ ప్లేయర్ ఉండేది. పిల్లలిద్దరూ వెనక సీట్లో బెల్టులు పెట్టుకుని, ఓక్ ట్రీ రోడ్డుకు సరుకులకు వెళ్ళినా, బ్రిడ్జ్‌వాటర్ గుడికి వెళ్ళినా, ఆ పాటలే విన్నారు. 'ఓ పాపా లాలి' ఇద్దరికీ జోలపాట అయింది. ఇప్పటికీ ఇద్దరూ పల్లవి తప్పు లేకుండా పాడతారు.

ఇక్కడి తల్లిదండ్రులం కలిసినప్పుడల్లా ఒకటే టెన్షన్: పిల్లలకు మన పాటలు ఉంటాయా, పోతాయా? నేను దాన్ని ఇంకోలా చూస్తాను. ఘంటసాల గారి భగవద్గీత మా నాయనమ్మది. భక్తిరంజని రేడియోది. 'గీతాంజలి' నాది. మొదటి రెండూ నాకు ఇంట్లో గాలితోపాటు వచ్చాయి, నేనంటే ఏంటో వాటిలో చాలా ఉంది, అయినా నేను ఎంచుకున్నవి కావు. మా పిల్లలకు 'గీతాంజలి' అలాంటిది. అమ్మది. వాళ్ళది అని చెప్పుకునేది వాళ్ళే వెళ్ళి తెచ్చుకోవాలి. అందుకే పుట్టినరోజుకి వాళ్ళ నాన్న అమ్మాయికి రికార్డ్ ప్లేయర్ కొన్నప్పుడు, దాంతోపాటు రికార్డు మాత్రం కొనవద్దన్నాను.

ఫోన్‌లో ప్రపంచంలోని పాటలన్నీ ఉన్న పిల్లలు మళ్ళీ ఈ పెద్ద నల్ల పళ్ళేల వెంట ఎందుకు పడుతున్నారో మొదట నాకు అంతుపట్టలేదు. అమెరికాలో 2022లో ఎల్‌పీలు, అంటే ఈ పెద్ద రికార్డులు, దాదాపు 4 కోట్ల 10 లక్షలు అమ్ముడైతే, సీడీలు 3 కోట్ల 30 లక్షలే. 1987 తర్వాత ఎల్‌పీలు అమ్మకాల సంఖ్యలో సీడీలను దాటడం అదే మొదటిసారి. అంటే ఫోన్‌లో ఉన్నది వాళ్ళకు సరిపోవడం లేదు. చేత్తో పట్టుకునేది, డబ్బు పెట్టి తెచ్చుకునేది కావాలనిపిస్తోంది. నాకు ఇది చాలా మంచి సంగతి అనిపిస్తుంది.

పక్కింటి పిల్లల్ని చూసుకుంటే వచ్చిన డబ్బుతో మా అమ్మాయి ప్రిన్స్‌టన్ రికార్డ్ ఎక్స్ఛేంజ్‌కి వెళ్దామంది. 1980 నుంచి ఉన్న షాపు, పాత రికార్డులు వరసలు వరసలుగా ఉంటాయి. అమెరికన్ గాయకుడు స్టీవీ వండర్ ఆల్బమ్ 'సాంగ్స్ ఇన్ ద కీ ఆఫ్ లైఫ్' తెచ్చుకుంది. 1976 నాటిది, నేను పుట్టిన ఏడాది. రెండు పెద్ద రికార్డులు, ఒక చిన్న రికార్డు, 24 పేజీల పుస్తకం కలిపి వచ్చిన సెట్టు అది. దీంట్లో చిన్న రికార్డు లేదు, అందుకే ధర తగ్గింది. పుస్తకం ఉంది. పాటల సాహిత్యం, వాయించినవాళ్ళ పేర్లు అన్నీ అందులో ఉన్నాయి. ఇంటికొచ్చేదాకా కారులో ఆ పుస్తకం చదువుతూనే ఉంది.

కొన్నది ఒక్క 'సర్ డ్యూక్' కోసం. స్కూల్ బ్యాండ్‌లో తను ట్రంపెట్ మీద వాయించే పాట. తీరా చూస్తే అది మొదటి వైపు చిట్టచివర ఉంది. ముల్లు ఎత్తి పెడితే గీతలు పడతాయని భయం. దాంతో ముందున్న నాలుగూ వినాల్సి వచ్చింది. అందులో 'విలేజ్ గెట్టో ల్యాండ్' అని ఒకటుంది. వెనక రాజుల కొలువులో వాయించినట్టు మెత్తటి తీగవాద్యాల లాంటి ధ్వని, మాటలేమో ఆకలి, చెత్తకుప్పలు, పేదల వాడలు. "ఇంత అందంగా ఎందుకు పెట్టాడమ్మా?" అని అడిగింది. కావాలనే పెట్టుంటాడు తల్లీ అన్నాను. ఇద్దరం మళ్ళీ విన్నాం.

'సర్ డ్యూక్' అర్థం కూడా తనే చెప్పింది. 1974లో పోయిన జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎలింగ్టన్‌కి అది నివాళి. మధ్యలో ఆ కాలపు మిగతా పెద్దలు కౌంట్ బేసీ, గ్లెన్ మిల్లర్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, ఎల్లా ఫిట్జెరాల్డ్‌లను తలుచుకుంటాడు. అచ్చం మన 'ఎందరో మహానుభావులు'లా ఉందే అన్నాను. తను సంగీతం క్లాసులో నేర్చుకున్న కీర్తనే. కాసేపు ఆలోచించి, "పూర్తిగా కాదమ్మా. త్యాగరాజు దేవుణ్ణి తలుచుకునేవాళ్ళందరికీ దండం పెట్టాడు. ఈయన తనకంటే ముందు వాయించినవాళ్ళకి పెట్టాడు" అంది. తను చెప్పిందే సరి. రెండూ తెలిసిన పిల్ల గనక ఆ తేడా పట్టుకుంది. ఆ రోజు నాకు కలిగిన గర్వం చెప్పలేను.

రెండో రికార్డు మొదట్లోనే అప్పుడే పుట్టిన పాప ఏడుపుతో మొదలయ్యే పాట ఉంది. తన కూతురు ఐషా పుట్టిన సంతోషంలో స్టీవీ వండర్ రాసుకున్నది. అది మాత్రం నేను అడిగి మళ్ళీ మళ్ళీ పెట్టించుకుంటున్నాను.

ఇప్పుడు మావాడి వంతు. పదకొండేళ్ళు. వీడియో గేముల్లో వచ్చే సంగీతం కూడా ఎల్‌పీలుగా అమ్ముతున్నారట, అలాంటిది కొనుక్కుంటే లెక్కలోకి వస్తుందా అని అడిగాడు. ఎందుకు రాదు నాన్నా అన్నాను. అక్క మాత్రం ఒప్పుకోవడం లేదు, నా ప్లేయర్ మీద గేము పాటలేంటి అంటోంది. డబ్బు ఇంకా కొంచెం తక్కువ పడిందని వాడు ప్రతి శనివారం ఎదురింటి వాళ్ళ కుక్కను తిప్పుతున్నాడు.