చెవులు మూసుకోవాలా, తెరిచి ఉంచాలా?

మూడు వారాలుగా ఇదే తర్జనభర్జన. చెవుల్ని పూర్తిగా కప్పేసే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్సా, చెవి రంధ్రం మూయకుండా బయటే ఆగే ఓపెన్ ఇయర్‌బడ్సా?

హెడ్‌ఫోన్స్ మొదటిసారి పెట్టుకున్న క్షణం మర్చిపోలేను. ఫ్యాన్ హోరు ఒక్కసారిగా మాయమైంది! బయటి శబ్దాన్ని చిన్న చిన్న మైకులు పట్టుకుంటాయి. దానికి సరిగ్గా వ్యతిరేకమైన తరంగం లోపల పుడుతుంది. రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. 1978లో ఓ విమాన ప్రయాణంలో, ఇంజిన్ రొద మధ్య సంగీతం సరిగ్గా వినబడక, బోస్ ఆడియో కంపెనీ స్థాపకుడు అమర్ బోస్ దీని గురించి ఆలోచించడం మొదలుపెట్టారట. ఇంజిన్, ఏసీ లాంటి ఒకే తీరు హోరును ఇది భలే అణుస్తుంది. మాటల్ని, హఠాత్తుగా వచ్చే చప్పుళ్లను అంతగా ఆపలేదు.

కానీ గంట దాటితే చెవుల చుట్టూ ఉక్క. పైగా ఓ సాయంత్రం అమ్మ నాలుగుసార్లు పిలిచిందట, చెవులు పూర్తిగా కప్పేసి ఉండడంతో నాకు వినపడనే లేదు. తనే లేచి వచ్చి భుజం తట్టింది. మనసు చివుక్కుమంది.

ఓపెన్ బడ్స్‌తో ఆ బాధ లేదు. నడుస్తుంటే వెనక వచ్చే బండి తెలుస్తుంది. బేస్, అంటే పాటలోని లోతైన ధ్వని, మాత్రం పలచన. రద్దీలో వాల్యూమ్ పెంచాలనిపిస్తుంది, అక్కడే జాగ్రత్త. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటల వరకే సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

చివరికి బడ్సే తీసుకున్నాను. రాసుకునేటప్పుడు నిశ్శబ్దం కావాలనిపిస్తుంది, నిజమే. అప్పుడు గది తలుపు వేసుకుంటున్నా. అమ్మ తలుపు తడితే వినిపిస్తోంది.