అమ్మమ్మకు ఏమని చెప్పాలి?

గత శనివారం లండన్‌లోని గ్రీనిచ్‌లో ఒక పబ్బు గుమ్మం ముందు మా పదేళ్ళ అమ్మాయి నన్ను అడిగింది: "అమ్మా, ఈసారి కూడా అమ్మమ్మకు పార్కుకు వెళ్ళామనే చెప్పాలా?" ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు, ఏ చెప్పులు వేసుకోవాలని అడిగినంత మామూలుగా అడిగింది. అందుకే నాకు జవాబు తోచలేదు.

శనివారాలలో కుక్కను తీసుకుని ఐల్ ఆఫ్ డాగ్స్ అనే ప్రాంతం కొసన ఉన్న ఐలండ్ గార్డెన్స్ నుంచి, థేమ్స్ నది కింది సొరంగంలో నడిచి, అవతలి ఒడ్డుకు చేరుకుంటాము. దక్షిణపు ఒడ్డున కాపురముండే కూలీలు ఉత్తరాన ఉన్న రేవులలో పనికి వెళ్ళడానికి 1902లో తెరిచిన ఆ సొరంగం దాదాపు 370 మీటర్ల పొడవుంటుంది. లోపల తెల్లటి పలకల గోడల మధ్య ప్రతి మాటా మారుమోగుతుంది కనుక, మా అమ్మాయి అక్కడికి రాగానే "చిట్టీ, రా!" అని గొంతెత్తి పిలుస్తుంది. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో బదులిచ్చే ఈ పిల్ల కుక్కతో మాత్రం తెలుగే మాట్లాడుతుంది, ఎందుకంటే చిట్టికి నేను నేర్పిన మాటలు అవే. ఆ పిలుపు కోసమే వాన పడుతున్నా నేను ఈ నడక మానను.

ఒడ్డెక్కి, 1869 నాటి కటీ సార్క్ ఓడను దాటి, పబ్బు చేరుకుంటాము. పదహారేళ్ళలోపు పిల్లలు పెద్దల తోడుతో పబ్బులోకి రావడానికి ఇక్కడి చట్టం ఒప్పుకుంటుంది. ఒప్పుకోనిది నా మనసే. తాగుడు వల్ల తమ్ముణ్ణి పోగొట్టుకున్న మా అమ్మ చెవిన ఆ మాట పడడం నాకు ఇష్టం లేక, మొదట్లో పిల్లనూ కుక్కనూ పెట్టుకుని బయటి బెంచీ మీదే కూర్చునేదాన్ని. అయితే స్నేహితుల ఇళ్ళలో విందులకు వెళ్ళినప్పుడు, కింది గదిలో మగవాళ్ళు సీసాలు తెరుస్తారని తెలిసి కూడా పిల్లలను మేడ మీదికి పంపి ఊరుకున్న మనిషిని నేనే. అది తప్పని నాకు ఒక్కనాడూ అనిపించలేదు.

పెద్దలు ఒక్క గ్లాసుతో ఎలా ఆపుతారో పిల్లలు దగ్గరుండి చూడడమే మంచిదని ఇప్పుడు ఇతరులకు చెబుతున్నాను. కానీ ఆపలేని వాళ్ళు కూడా అదే గదిలో కనిపిస్తారు, వారిని చూసి మా అమ్మాయి ఏమనుకుంటుందో నేను ఇంతవరకు అడగలేదు.

ఆరోజు లోపలికి వెళ్ళగానే చిట్టి బల్ల కింది స్టీలు గిన్నెలో మూతి పెట్టి గటగటా నీళ్ళు తాగింది. గడ్డం వెంట కారిన చుక్కలు పక్క బల్ల పెద్దాయన బూటు మీద పడ్డాయి. మా అమ్మాయి "చిట్టీ, తప్పు" అని దాన్ని వెనక్కి లాగి, ఆయనకు ఇంగ్లీషులో క్షమాపణ చెప్పి, తన చేతిరుమాలుతో బూటు తుడిచింది. ఆ రెండు నిమిషాలు అమ్మ చూసి ఉంటే బాగుండునని నాకు బలంగా అనిపించింది.

ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ, నిన్న ఎక్కడికి వెళ్ళారని అడిగింది. అమ్మాయి నా ముఖంలోకి చూసింది. నేను ఫోను అందుకుని, "నది కింద సొరంగంలో నడిచామమ్మా" అన్నాను. అమ్మాయి ఏమీ అనకుండా చిట్టిని పిలుచుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయింది.