486కి కరెంటు ఇచ్చేలోపు

ఉదయం పదింటికి మూత తీస్తే, స్విచ్ వేసేసరికి సాయంత్రం ఆరు. పాతకాలపు 486 కంప్యూటర్ మదర్‌బోర్డుతో పని ఇంతే. "ఒక్కసారి ఆన్ చేసి చూద్దాం" అనే తొందరకే బోర్డులు పోతాయి.

పొద్దంతా తినేసింది బ్యాటరీ. కీబోర్డు సాకెట్ పక్కన చిన్న పీపాలా ఉండే, కంప్యూటర్ ఆపినా గడియారాన్ని నడిపే 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ. కారిపోయి, కాళ్ల చుట్టూ ఆకుపచ్చ చిలుము పట్టింది. దాన్ని కత్తిరించి, వెనిగర్‌లో ముంచిన దూదిపుల్లతో అద్దితే బుసబుసా నురగ. కారింది క్షారం కాబట్టి ఆమ్లమే విరుగుడు. అలాగని వెనిగర్‌ని వదిలేయకూడదు, అదీ రాగిని తింటుంది. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరబెట్టాలి.

మల్టీమీటర్ బీప్ పెట్టి ఒక్కో ట్రాక్ చూస్తే, కీబోర్డు కంట్రోలర్‌కి వెళ్లేది ఒకటి తెగింది. పైపూత చెక్కుచెదరలేదు, కింద రాగే నల్లబడింది. కొసలు గీకి, సీసం పట్టించి, సన్నటి ఎనామెల్ వైరు అతికిస్తే పని జరిగింది.

కొత్తగా సీఆర్ 2032 (నాణెంలా ఉండే లిథియం సెల్) పెడితే దానికి వరసలో, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ తప్పనిసరి. పాత బ్యాటరీని చార్జ్ చేసినట్టే బోర్డు దీన్నీ చార్జ్ చేయబోతుంది, లిథియం సెల్ తట్టుకోదు. 1ఎన్5817 రకం డయోడ్ అయితే వోల్టేజీ తక్కువ పోతుంది.

పవర్ సప్లై నుంచి వచ్చే పీ8, పీ9 కనెక్టర్లలో నల్ల (గ్రౌండు) వైర్లు నాలుగూ మధ్యలో పక్కపక్కన పడాలి. తారుమారైతే బోర్డు మీద ఆశ వదులుకోవాల్సిందే. అంతకుముందే 12 వోల్టుల లైనుకీ గ్రౌండుకీ మధ్య రెసిస్టెన్స్ చూడాలి. సున్నాకి దగ్గరగా ఉంటే ముందు అనుమానించాల్సింది టాంటలం కెపాసిటర్‌నే. అలాగే కరెంటిస్తే అది టప్పున పేలుతుంది.

స్విచ్ వేస్తే మూడు బీప్‌లు. ఏఎమ్ఐ బయోస్ (ఆన్ చేయగానే బోర్డును పరీక్షించే ప్రోగ్రాము) భాషలో మొదటి 64 కేబీ మెమరీ అందలేదని. 30 పిన్నుల సిమ్ (మెమరీ పలక) ఒక్కోటి 8 బిట్లే ఇస్తుంది, 486కి 32 కావాలి, అందుకే నాలుగూ కలిస్తేనే లెక్క. రెండోది కాస్త వాలిపోయి కూర్చుంది. సర్దగానే తెర మీద అక్షరాలు!

హార్డ్ డిస్కు స్థానంలో 512 ఎంబీ కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు. ఈ బయోస్ 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు, అంటే 504 ఎంబీ దాటి చూడదు. ఈ 504 1024ల లెక్క, కార్డు మీది 512 వెయ్యిల (దశాంశ) లెక్క, అసలు పరిమాణం 504 కంటే తక్కువే కాబట్టి ఇబ్బంది లేదు.

ఫ్లాపీ లైటు మాత్రం ఆరలేదు: కేబుల్ తిరగబడింది. ఎర్ర అంచు ఒకటో పిన్ను వైపు తిప్పితే ఆరింది. టైము సెట్ చేసి ఆపేయడమైంది. గడియారం నిలిచిందో లేదో రేపు పొద్దున చూడాలి.