డబ్బాలో కువైట్ చీటీ

మా సంఘంలో శుక్రవారం ఉపవాస కూడిక పదకొండింటికి మొదలవుతుంది. జమ్మలమడుగు వైపు పల్లె మాది. లండన్ మిషన్ కాలంలో పుట్టిన సంఘం, చిన్న గుడి, కింద నల్లటి కడప బండలు. ఆ బండల చల్లదనం పోతుందని ఎండాకాలంలో ఆడవాళ్లు చాపలు కూడా పరచనివ్వరు. బల్ల మీద బైబిలు పక్కన ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంటుంది. ప్రార్థన విన్నపాలు చీటీ మీద రాసి అందులో వెయ్యాలి. రాయడం రానివాళ్లకు రాసిపెట్టే పని నాది.

బోరులో నీళ్లు పడాలి, కోడలికి కాన్పు సుఖంగా జరగాలి, పిల్లోడికి డీఎస్సీ రావాలి, మొగుడు తాగుడు మానాలి. ఇవి ఎప్పుడూ ఉండేవే. వీటితో పాటు ప్రతి వారం రెండు మూడు కువైట్ చీటీలు తప్పవు. మా కడప జిల్లా పల్లెల్లో ఎవరో ఒకరి బిడ్డ అక్కడ వంటింట్లో ఉంటుంది, ఎవరో ఒకరి కొడుకు అక్కడ కారు నడుపుతుంటాడు. పక్క వీధి సాయిబుల ఆమె కూడా తన బిడ్డ కోసం ఒకసారి వచ్చి చీటీ రాయించుకుపోయింది. ఆ మధ్య ఒకావిడ చెబుతుంటే నేను రాసిన చీటీ ఇది: "మా పిల్లను శుక్రవారం కూడా బయటికి పంపడం లేదు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరుంది. గుడికి పోయి ఎనిమిది నెలలైంది." కఫీల్ అంటే పనిలో పెట్టుకున్న అక్కడి యజమాని. అక్కడ శుక్రవారమే సెలవు.

పాస్టరయ్య ఆ చీటీ చదివి, కాసేపు ఆగి, బైబిల్లో హెబ్రీ పత్రిక, అంటే హెబ్రీయులకు రాసిన ఉత్తరం, 13వ అధ్యాయం మూడో వచనం తీశారు.

"మీరును వారితోకూడ బంధింపబడినట్టు బంధకములలో నున్నవారిని జ్ఞాపకము చేసికొనుడి. మీరును శరీరముతో ఉన్నారు గనుక కష్టముల ననుభవించుచున్నవారిని జ్ఞాపకము చేసికొనుడి."

సండే స్కూల్లో కంఠతా పట్టిన వచనమే. అయితే ఇన్నేళ్లూ నాకు బంధకాలు అంటే పౌలు, సీల, ఫిలిప్పీ చెరసాల, అర్ధరాత్రి భూకంపం. ఆ మాట వంటింటి దాకా వస్తుందని ఆ రోజే తోచింది.

జ్ఞాపకం చేసుకోవడం అనే మాటను మనం చాలా తేలిక చేసేశాం. ఈ పత్రిక రాసిన రోజుల్లో చెరసాలలో ఉన్నవాడి తిండి, బట్ట చాలావరకు బయట ఉన్న బంధువులూ స్నేహితులే చూసుకోవాలి. వాళ్లు మరిచిపోతే వాడు పస్తే. పౌలంతటివాడు చెరసాల నుంచి ఉత్తరం రాసి, త్రోయ పట్టణంలో వదిలేసి వచ్చిన అంగీని తెచ్చిపెట్టమని తిమోతిని అడిగాడు, చలికాలం రాకముందే రమ్మన్నాడు. కాబట్టి ఈ వచనం మొదట విన్నవాళ్లకు జ్ఞాపకం అంటే కళ్లు మూసుకుని తలచుకోవడం ఒక్కటే కాదు, సద్ది మూట కట్టుకుని చెరసాల గుమ్మం దాకా నడవడం. అలా నడిస్తే కాపలావాడి కళ్లలో పడతారు, "వీడూ వాళ్లలో ఒకడే" అని గుర్తు పెట్టుకుంటారు. తన సంకెళ్లను చూసి ఒనేసిఫోరు అనే మిత్రుడు సిగ్గుపడలేదని పౌలు ప్రత్యేకంగా రాసుకున్నాడంటే, సిగ్గుపడి ముఖం చాటేసినవాళ్లు ఎంతమందో!

ఇక "మీరును శరీరముతో ఉన్నారు గనుక" అన్న మాట. మీకు విశ్వాసం ఉంది గనుక అనలేదు, మీరు మంచివాళ్లు గనుక అనలేదు. మీకూ ఒళ్లుంది, దెబ్బ తగిలితే నొప్పి తెలుసు, అది చాలు అన్నాడు. నాకు ఇంత సూటిగా తగిలిన వాక్యాలు పత్రికల్లో కొన్నే ఉన్నాయి.

హతసాక్షులు, అంటే విశ్వాసం కోసం ప్రాణం పోగొట్టుకున్నవాళ్లు, అనగానే మనకు పెద్ద గడ్డాల బిషప్పులు, మిషనరీలు కళ్లముందుకు వస్తారు. 2015 ఫిబ్రవరిలో లిబియా సముద్రపు ఒడ్డున ఇస్లామిక్ స్టేట్ (ఐఎస్) ముఠా గొంతులు కోసిన ఇరవై ఒక్కమంది ఎవరు? కూలీలు. ఇరవైమంది ఈజిప్టులోని పాత సంఘమైన కాప్టిక్ సంఘపు క్రైస్తవులు, ఒకరు ఘనా దేశస్థుడు. ఆ ఈజిప్టువాళ్లలో పదముగ్గురిది మిన్యా ప్రాంతంలోని అల్-ఔర్ అనే ఒకే పల్లె. సొంతూళ్లో గిట్టుబాటు కాక, ఇంటికి నాలుగు డబ్బులు పంపుదామని పక్క దేశానికి పోయినవాళ్లు. వాళ్ల కథలో ఊరి పేరు మార్చితే అది మన రాయచోటి, మన బద్వేలు కాదా? కాప్టిక్ సంఘం వాళ్లను హతసాక్షులుగా ప్రకటించింది. 2023లో పోప్ ఫ్రాన్సిస్ వాళ్ల పేర్లను రోమన్ కతోలికుల హతసాక్షుల పట్టికలోనూ చేర్చారు. రెండు సంఘాలు విడిపోయి పదిహేను వందల ఏళ్లు దాటింది. పెద్దల సభలు ఎన్ని జరిగినా కలవని పేర్లు కూలీల రక్తంతో ఒక పట్టికలోకి వచ్చాయి.

కువైట్ మాటకొస్తే, అక్కడ గుడులు లేవని కాదు. ప్రభుత్వం గుర్తించిన సంఘాలు ఏడున్నాయి. నగరంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో మన తెలుగువాళ్లతో సహా ఎన్నో భాషలవాళ్లు గంటలు పంచుకుని, ఒకరి ఆరాధన ముగియగానే ఇంకొకరు లోపలికి పోతూ ఆరాధించుకుంటారు. ఇంటిపనివాళ్లకు వారానికో రోజు సెలవు ఇవ్వాలని, వాళ్ల పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని 2015లో చట్టం కూడా చేశారు. చట్టం ఉంది, గుడి ఉంది. కానీ గేటు తాళం చెవి ఆ పిల్ల చేతిలో లేదు. ఎడారి దాటి సౌదీకి పోతే అసలు గుడి కట్టనివ్వరు.

లోకంలో సంఘం పడే బాధలన్నీ ఒకే రకం కావు. చైనాలో ప్రభుత్వ రిజిస్ట్రేషన్ లేని ఒక సంఘపు కాపరి వాంగ్ యీకి 2019లో తొమ్మిదేళ్ల శిక్ష వేశారు. నికరాగువాలో బిషప్ రోలాండో అల్వారెజ్‌కు 2023లో ఇరవై ఆరేళ్లు వేసి, మరుసటి ఏడాది దేశం నుంచే పంపేశారు. ఆ దేశంలో ఎక్కువమంది క్రైస్తవులే, గుర్తుంచుకోండి. గాజాలో 2023 అక్టోబరులో సెయింట్ పోర్ఫిరియస్ గుడి ఆవరణలో తలదాచుకున్నవాళ్ల మీద బాంబు దాడిలో భవనం కూలింది. నైజీరియాలో బోకో హరామ్ అనే సాయుధ ముఠా గుడులనూ వదల్లేదు, మసీదులనూ వదల్లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, కొందరికి కోపం వచ్చినా సరే. "అఫ్గానిస్తాన్‌లో రేపు మధ్యాహ్నం మిషనరీలను చంపబోతున్నారు, వెంటనే ప్రార్థించి పదిమందికి పంపండి" అనే మెసేజ్ మా గ్రూపులో కూడా వచ్చింది. అది ఎన్నో ఏళ్లుగా తిరుగుతున్న అబద్ధం. ఆ "రేపు" ఇంతవరకూ రాలేదు. ఫార్వర్డ్ చేస్తే ప్రార్థన చేసినట్టే అనిపిస్తుంది, చెరసాల దాకా నడిచే పని తప్పుతుంది. నిజంగా సంకెళ్లలో ఉన్నవాడి పేరు, ఊరు తెలుసుకోవడానికి ఒక పది నిమిషాలు కూర్చోలేని మనం అబద్ధానికి మాత్రం "ఆమేన్" పెడతాం.

సంఘమే వేసిన సంకెళ్లూ ఉన్నాయి. క్రైస్తవ శిబిరాల పిల్లలను ఏళ్ల తరబడి హింసించిన ఒకడి గురించి తెలిశాక చేయాల్సినంత చేయలేదని 2024 నవంబరులో ఇంగ్లండు సంఘపు పెద్ద, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా ప్రకటించాల్సి వచ్చింది. అది ఇంగ్లండు గొడవ అని పక్కన పెట్టలేం. మన దగ్గర? ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి, పెళ్లి మాట వచ్చేసరికి "వాళ్లు ఏ వాడ?" అని అడుగుతాం. నేనూ ఆ ప్రశ్న విని నోరు మూసుకున్నవాణ్ణే, అది మా ఇంట్లోనే. బాప్తిస్మం తీసుకున్నా వాడ మారదు. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వు మాత్రం క్రైస్తవుడైతే ఎస్సీ కాడంటుంది. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, మనవాళ్లు బయటే. అందుకే మా పల్లెల్లో సర్టిఫికెట్‌లో ఒక పేరు, గుడి రిజిస్టర్లో ఇంకో పేరు. చీటీ రాసేటప్పుడు "ఏ పేరు రాయమంటావు?" అని నేను అడగాల్సి వస్తుంది.

చచ్చాక కూడా ఇది వదలదు. ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో 2025 జనవరి 7న ఒక పాస్టర్ చనిపోతే సొంతూళ్లో పాతిపెట్టనివ్వలేదు. కొడుకు హైకోర్టుకు పోయాడు, సుప్రీంకోర్టుకు పోయాడు. అంతవరకూ శవం మార్చురీలోనే. 27న తీర్పు వచ్చింది. ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పినా, ఇంకా ఆలస్యం కాకూడదని, ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న క్రైస్తవ శ్మశానంలో పెట్టమన్నారు. ఈ సంగతి చెప్పినప్పుడు మా గుడిలో ఎవరూ "ఆమేన్" అనలేదు. కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా సమాధుల తోటకు పోయే దారి పక్క పొలాయన దయ మీదే ఉంది మరి.

ఆ చీటీ చదివిన శుక్రవారం ప్రార్థన రెండింటికి ముగిసింది. ఉపవాసం విడవడానికి ఉగ్గాని, బజ్జీలు తెచ్చారు. చీటీ రాయించిన ఆవిడ విస్తరి ముట్టలేదు. ఎనిమిది నెలలుగా శుక్రవారం సాయంత్రం పిల్ల ఫోన్ చేసేదాకా తినదట. పక్కనున్న ఇద్దరూ విస్తర్లు మూసి పక్కన పెట్టారు. "ఆరింటికి మీ ఇంటికాడే తిందాం లేమ్మీ" అన్నారు. వాటిని మళ్లీ వేడి చెయ్యొచ్చా, మెత్తబడిపోతాయా అని కాసేపు మాట్లాడుకున్నారు.

వెళ్లిపోతూ బాయింటి అవ్వ నా దగ్గర ఆగింది. నైజీరియాలో 2018 ఫిబ్రవరిలో దాప్చి బడి నుంచి నూటపదిమంది ఆడపిల్లలను ముఠావాళ్లు ఎత్తుకుపోతే, నెల తిరిగేసరికి బతికున్నవాళ్లలో దాదాపు అందరినీ వదిలేసి, యేసును కాదనని లియా షరిబును ఉంచేసుకున్నారని ఎప్పుడో చెప్పాను. అవ్వకు ఆ దేశం పేరు నోరు తిరగదు. డబ్బాలో మాత్రం "ఆ బడిపిల్ల" అని ప్రతి వారం ఒక చీటీ రాయిస్తుంది.

"ఆ పిల్లకు ఇప్పుడు ఎన్నేండ్లు నాయనా?"

"అప్పుడు పద్నాలుగు అవ్వా. ఇప్పుడు ఇరవై దాటేశాయి."

"అట్లయితే ఇంక బడిపిల్ల అని రాయొద్దు," అంది. "పేరు రాయి."