మీ ఓటు ఇక్కడేనా అమ్మా?

పదకొండు దాటింది. లైటు ఆర్పి పడుకుని మళ్ళీ లేచాను. పొద్దుటి మాట ఒకటి చెవిలోంచి పోవడం లేదు.

కాలువ సంగతి మీకు తెలిసిందే, వినాయక చవితి నుంచీ రాస్తూనే ఉన్నాను. గేటు ముందు సైడు కాలువ పూడిపోయి, వాన పడినా పడకపోయినా మురుగు రోడ్డెక్కుతోంది. నిన్న రాత్రి జల్లుకి స్కూటర్లు పెట్టేచోట మడమ లోతు నిలిచింది. ఇక ఊరుకోలేక, పొద్దున్నే టిఫిన్లు కానిచ్చి, ఎదురు ఫ్లాటు పిన్నిగారిని తోడు తీసుకుని ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్ళాను. ఫోటోలు ప్రింటు తీయించుకుని మరీ వెళ్ళాను. అక్కడున్నాయన ఫోటోలు చూడనే లేదు. కాగితం అందుకుని, ఇంటి నంబరు చదివి, తలెత్తి అడిగాడు: "మీ ఓటు ఇక్కడేనా అమ్మా?"

లేదు, ఊళ్ళో ఉందన్నాను. పిన్నిగారు కూడా అదే చెప్పారు. ఆయన ఇంకేమీ అనలేదు. మా కాగితాన్ని మిగతా కాగితాల అడుగున పెట్టి "చూద్దాంలెండి" అన్నాడు.

ఇంటికొచ్చేదాకా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. ఇంటి పన్ను కడుతున్నాం, నీటి పన్ను కడుతున్నాం, పంతొమ్మిదేళ్ళుగా ఇదే గుంటూరులో కూరగాయలు కొంటున్నాం. కాలువ తీయడానికి ఓటెందుకు? మా వెనక సందులో అద్దెకుండే ఆటో అతనికి ఇక్కడ ఓటుండకపోవచ్చు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి బిల్డింగు పనులు చేసుకునేవాళ్ళకి అసలే ఉండదు. పదేళ్ళ పిల్లలకి ఎవరికీ ఉండదు. వాళ్ళకి డెంగ్యూ వస్తే ఫరవాలేదా? ఇవన్నీ అక్కడే అడిగేయాల్సింది. దారిలో పిన్నిగారికి రెండుసార్లు చెప్పాను, వంట చేస్తూ ఫోన్లో చెల్లికి ఒకసారి, అన్నం దగ్గర ఈయనకి ఒకసారి. చెప్పిన ప్రతిసారీ కోపం పెరిగిందే తప్ప తగ్గలేదు. ఈయన మజ్జిగ కలుపుకుంటూ "అడగడంలో తప్పేముంది?" అన్నారు. దాంతో ఆ పూట మా ఇద్దరికీ మాటల్లేవు.

సాయంత్రం చిన్నది కాలేజీ నుంచి వచ్చి, నేను చెప్పిందంతా విని, చాలా మామూలుగా "రేపు నేను వెళ్తాలే అమ్మా. నాకు ఓటు ఇక్కడే ఉందిగా" అంది.

నిజమే. కిందటేడు కాలేజీలోనే కొత్త ఓటు కోసం ఫారం 6 నింపి ఇచ్చింది. ఏడాదికి ఒక్క జనవరి ఒకటే కాకుండా, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలను కూడా వయసు లెక్కకి తీసుకుంటున్నారు కదా, పద్దెనిమిది నిండగానే కార్డు వచ్చేసింది. ఈ ఇంట్లో గుంటూరు ఓటరు ఆ పిల్ల ఒక్కతే. ఇంటి పెద్దలం మేమిద్దరం తెనాలి పక్కన పల్లెటూరి ఓటర్లం. ఆ ఒక్క మాటతో పొద్దుటి నుంచి పోగేసుకున్న కోపం ఎటు పెట్టుకోవాలో తెలియకుండా పోయింది.

2021 గుర్తొచ్చింది. ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలకి పొద్దున్నే బయల్దేరి ఊరికి వెళ్ళాం. సర్పంచికొకటి, వార్డు మెంబరుకొకటి, రెండు ఓట్లు వేశాం. ఆ ఊళ్ళో మేం ఏడాదికి నాలుగు రోజులుంటే ఎక్కువ. అక్కడి వీధి లైటు వెలుగుతోందో లేదో మాకు తెలియదు. అలాంటిది అక్కడ ఎవరు గెలవాలో చెప్పొచ్చాం. సరిగ్గా నెల తిరిగేసరికి మార్చి 10న ఇక్కడ కార్పొరేషన్ ఎన్నికలు. యాభై ఏడు డివిజన్లు. నేనేం చేశానంటే, ఈయనకి సెలవని గుత్తివంకాయ చేసి, మధ్యాహ్నం నిద్రపోయాను.

పైగా అవి మామూలు ఎన్నికలా? 2010లో పాత పాలకవర్గం గడువు అయిపోయాక, గుంటూరుకి మళ్ళీ కార్పొరేటర్లు వచ్చింది అప్పుడే. మధ్యలో పదకొండేళ్ళు. గోరంట్ల, నల్లపాడు లాంటి ఊళ్ళని కలిపారు, డివిజన్లు మార్చారు, ఏళ్ళు గడిచాయి. అంతకాలం నగరాన్ని నడిపింది అధికారులే. పాలకవర్గానికి ఐదేళ్ళే గడువనీ, అది తీరకముందే మళ్ళీ ఎన్నిక పూర్తవ్వాలనీ రాజ్యాంగంలోనే ఉంది, 74వ సవరణతో వచ్చింది. మరి ఆ పదకొండేళ్ళలో మా ఇంట్లో ఎవరమైనా "మనకి కార్పొరేటరు లేడేంటి" అనుకున్నామా? నాకు గుర్తున్నంతవరకూ ఒక్కసారి కూడా లేదు. కరెంటు పోతే ఐదు నిమిషాల్లో ఫోన్ చేస్తాం.

అలాగని ఓటంటే లెక్కలేని ఇల్లు కాదు మాది. అత్తయ్యగారి ఇల్లు.

2024 మే 13, సోమవారం. పెద్దాడికి బెంగళూరు నుంచి బస్సు టికెట్టు దొరక్క, నలుగురు స్నేహితులు కలిసి కారు మాట్లాడుకుని వచ్చారు. మేం ముందురోజే ఊరు చేరాం. అత్తయ్యకి అప్పటికి ఎనభై ఆరు. ఎనభై అయిదు దాటినవాళ్ళు ఇంటి దగ్గరే ఓటు వేయొచ్చని ఆ ఎన్నికల్లో పెట్టారు కదా. అంతకుముందే ఊళ్ళో ఓటర్ల జాబితా పని చూసే బీఎల్ఓ అమ్మాయి ఫారం పట్టుకుని వస్తే, ఆవిడ ఒకటే అడిగారట: "ఇంట్లో వేస్తే తర్వాత బడికి రానిస్తారా?" రానివ్వరంటే, "అయితే నాకొద్దు తల్లీ" అని పంపేశారు. మేం ఎంత చెప్పినా వినలేదు. మోకాళ్ళు, బీపీ, ఆ ఎండలు, నాకైతే ఒకటే టెన్షన్.

ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికే లేచి తలస్నానం చేశారు. గంజి పెట్టి ఉంచిన వెంకటగిరి చీర కట్టుకున్నారు. ఏడింటికి పోలింగు మొదలైతే ఆరున్నరకే బడి దగ్గరున్నాం. అప్పటికే వరస వేపచెట్టు దాటిపోయింది. పోలీసాయన చూసి "మామ్మగారూ, మీరు ముందుకెళ్ళండి" అన్నాడు. కదల్లేదు. "వరసలో ఉంటే నలుగురూ కనపడతారు నాయనా" అన్నారు. నిజంగానే కనపడ్డారు. ఎప్పుడో హైదరాబాద్ వెళ్ళిపోయిన వాళ్ళు, పాలు పోయించుకున్నవాళ్ళు, పొలం గట్టు తగువుతో పన్నెండేళ్ళు మాట్లాడనివాళ్ళు. ఆ గట్టు తగువాయనే లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేశాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు కానీ ఆవిడ కూర్చున్నారు. వరస కదిలినప్పుడల్లా ఆయనే కుర్చీ ముందుకి జరుపుతూ వచ్చాడు. లోపల ఎంపీకొకటి, ఎమ్మెల్యేకొకటి నొక్కి బయటికొచ్చి, సిరా వేలు పెద్దాడికి చూపించి, "మీ తాతయ్య పోయాక ఇది ఎన్నోసారో చెప్పు" అన్నారు. వాడికి తెలియదు. నాకూ తెలియదు. ఆవిడ చెప్పలేదు. ఆ ఎన్నికల్లో రాష్ట్రం మొత్తం మీద 81.86 శాతం పోలింగు అయిందని తర్వాత పేపర్లో చదివినప్పుడు, అందులో ఆ కుర్చీ కూడా ఉందనుకున్నాను.

అందుకే ఓటు ఇక్కడికి మార్చుకుందామని ఎప్పుడనుకున్నా చెయ్యి ఆడలేదు. ఇల్లు తాళం వేసి ఉంది. పొలం కౌలుకిచ్చాం. ఆ ఊరికి మేం ఇంకా మనుషులమే అని చెప్పేది ఆ ఓటొక్కటే అనిపించేది. ఇప్పుడు కూర్చుని చదివితే, చట్టం అలా అనడం లేదు. మామూలుగా ఎక్కడ కాపురముంటే అక్కడే ఓటుండాలి. ఒకచోట సొంత ఇల్లున్నంత మాత్రాన అక్కడ కాపురమున్నట్టు కాదని 1950 నాటి చట్టంలోనే రాసుంది. రెండు చోట్లా ఉంచుకోవడం ఎటూ కుదరదు.

రాత్రి కిందికి దిగి, ఎదురైనవాళ్ళనల్లా అడిగాను. తొమ్మిది ఫ్లాట్ల వాళ్ళు దొరికారు. ఇక్కడ ఓటున్నవి మూడు. మిగతావాళ్ళవి పొన్నూరు వైపు, చిలకలూరిపేట వైపు, ఒకరిది ఏకంగా ఒంగోలు అవతల. అందరూ ఎమ్మెల్యే ఎన్నికలకి ఎంత దూరమైనా వెళ్ళి వేసొచ్చేవాళ్ళే. ఈ కాలువ గురించి గట్టిగా అడగడానికి మాత్రం ఆరు ఇళ్ళవాళ్ళకి నోరు లేదు. ఆయన అడిగిన ప్రశ్న తప్పేనని ఇప్పటికీ అంటాను. కాగితం అడుగున పెట్టడం ఇంకా తప్పు. కానీ అంత తేలిగ్గా అడుగున పెట్టగలిగేలా మేమే కూర్చున్నాం. ఈయన మాట కొంత ఒప్పుకోక తప్పడం లేదు. పొద్దున చెప్తాను.

ఫారం 8 తెరిచాను. ఇల్లు మారితే ఇప్పుడు నియోజకవర్గం వేరైనా అదే ఫారం. కరెంటు బిల్లు ఫోటో తీసి పెట్టుకున్నాను. పాత వివరాల కోసం ఊరి జాబితా దించుకుని నా పేరు వెతుక్కుంటుంటే, నాకంటే ముందు అత్తయ్య పేరు కనిపించింది. తీసేయలేదు. వయసు, ఇంటి నంబరు, భర్త పేరు, అన్నీ అలాగే ఉన్నాయి. మరణ ధ్రువపత్రం బీరువాలోనే ఉంది. ఎవరం ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు.

పేరు తీయించాలంటే ఫారం 7 పెట్టాలి. ఆ నియోజకవర్గం జాబితాలో పేరున్నవాళ్ళే పెట్టాలి. నా ఓటు ఇక్కడికి మారిపోతే నేను పెట్టలేను. ఈయన్ని పెట్టమనలేను, వాళ్ళమ్మ. అంటే ముందు నేను ఆ పని చేసి, తర్వాతే నాది మార్చుకోవాలి.

పత్రం బయటికి తీసి టేబుల్ మీద పెట్టాను. చిన్నది రేపు తొమ్మిదింటికి ఫోటోలు పట్టుకుని వెళ్తానంది, కొత్త ప్రింట్లు తీయించాలి.